పంటి వేరును దేనితో కడగాలి? మూలికలకూ రసాయనాలకూ మధ్య ఒక తప్పుడు పందెం

ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న ప్రేమ్ బజార్ లాంటి చోట పంటినొప్పికి మందు వెతుక్కోవడానికి ఆసుపత్రి దాకా వెళ్లనక్కర్లేదు. కిరాణా కొట్టులో లవంగాలు, మందుల షాపులో త్రిఫల చూర్ణం, పక్కనే వేప, లవంగం బొమ్మలున్న టూత్‌పేస్టు పెట్టెలు ఉంటాయి. అదే వరుసలో కింది అరలో బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగ్ ద్రావణం సీసా కూడా ఉంటుంది. దంత వైద్యుడు రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి వేరు లోపల పోసి కడిగేది ఈ బ్లీచింగ్ సీసాలో ఉన్న రసాయనంతోనే అని తెలిస్తే చాలామందికి ఒళ్లు జలదరిస్తుంది. అది సహజమే. 'పై అరలో త్రిఫల ఉండగా కింది అరలోది ఎందుకు?' అన్న ప్రశ్న కూడా అంతే సహజం.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్న తెలుగులోనూ వినిపిస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఈ ఊరి తెలుగువాళ్లే ప్రధాన కారణం. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, ఆసుపత్రిలో హిందీ మాట్లాడే ఈ మనుషులకు వైద్యం గురించిన సమాచారం మాత్రం ఎక్కువగా ఫోనులో వచ్చే వీడియోల నుంచే అందుతోంది. 'త్రిఫల రసాయనానికి సమానమని పరిశోధనలో తేలింది' అన్న వాక్యం అలాంటి వీడియోల్లో తరచూ కనిపిస్తుంది. ఆ వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. పూర్తిగా అబద్ధమైతే తిప్పికొట్టడం తేలికయ్యేది.

అసలు లోపల ఏం కడుగుతారు?

పంటి మధ్యలో గుజ్జు ఉంటుంది. నరాలు, రక్తనాళాలు అందులోనే ఉంటాయి. పిప్పి లోతుకు దిగి సూక్ష్మజీవులు ఆ గుజ్జును చేరితే వాపు, ఆపై గుజ్జు కుళ్లిపోవడం, ఆపై వేరు చివర చీము. ఈ కథలో అసలు దోషి సూక్ష్మజీవే అని నిలబెట్టిన ప్రయోగం 1965లో అమెరికాలో జరిగింది. కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల పళ్లకు రంధ్రం చేసి గుజ్జును బయటపెట్టి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చిపోయి చీము పట్టింది. సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల్లో మాత్రం, తిండి మెతుకులు రంధ్రంలో కూరుకుపోయినా, గుజ్జు బతికి తనంతట తానే పైకప్పు కట్టుకుంది. అప్పటి నుంచి రూట్ కెనాల్ చికిత్స లక్ష్యం ఒకటే: వేరు లోపలి నుంచి సూక్ష్మజీవులనూ, వాటికి ఆహారమయ్యే చచ్చిన గుజ్జునూ వీలైనంత తీసేసి, మళ్లీ లోపలికి రాకుండా మూసేయడం.

ఈ పని ఫైళ్లనే సన్నటి ఆకురాయి సూదులతో చేస్తారు. కానీ వేరు కాలువ గొట్టంలా గుండ్రంగా, తిన్నగా ఉండదు. కొన్నిచోట్ల చదునుగా, కొన్నిచోట్ల వంకరగా, రెండు కాలువల మధ్య సన్నటి సందులతో, చివర్లో పిల్లకాలువలతో ఉంటుంది. పీటర్స్ బృందం 2001లో సూక్ష్మ సీటీ స్కాన్లతో కొలిచి చూస్తే, ఏ పద్ధతిలో ఫైల్ చేసినా కాలువ గోడలో 35 శాతం, అంతకంటే ఎక్కువ భాగాన్ని పరికరం అసలు తాకనేలేదు. అంటే గోడలో మూడో వంతు భాగానికి ద్రావణమే దిక్కు. డెంటిన్ గోడలో వేలకొద్దీ సన్నటి గొట్టాలుంటాయి. ఒక్కోదాని వెడల్పు ఒకటి రెండు మైక్రాన్లు. బాక్టీరియా దూరడానికి అది చాలు.

కాబట్టి కడిగే ద్రావణం చేయాల్సిన పనులు మూడు. సూక్ష్మజీవులను చంపాలి. పరికరం అందని మూలల్లో మిగిలిపోయిన గుజ్జును కరిగించాలి. ఫైల్ చేసినప్పుడు గోడకు పూతలా అంటుకునే డెంటిన్ పొడిని, దంత వైద్యులు స్మియర్ పొర అనేదాన్ని, వదిలించాలి. ఇవన్నీ చేస్తూ వేరు చివరి కన్నం దాటి ఎముకలోకి పోకూడదు. పోయినా పెద్ద హాని చేయకూడదు.

ఈ మూడింటినీ ఒంటరిగా చేసే ద్రావణం ఇప్పటికీ లేదు. మూలికా, రసాయనమా అన్న వాదన మొదలుకాక ముందే ఒప్పుకోవాల్సిన సంగతి ఇది.

బ్లీచింగ్ నీళ్ల బలం, భయం

సోడియం హైపోక్లోరైట్ మొదటి రెండు పనులూ చేస్తుంది. నీళ్లలో అది హైపోక్లోరస్ ఆమ్లాన్ని విడుదల చేసి సూక్ష్మజీవుల ఎంజైములను, ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. దాని క్షార గుణం కొవ్వును సబ్బుగా మార్చేస్తుంది. చచ్చిన కణజాలాన్ని కరిగించగల శక్తి అక్కడి నుంచే వస్తుంది. వైద్యంలో దీని పేరు మొదటి ప్రపంచ యుద్ధంలో మారుమోగింది. కుళ్లిన గాయాలను కడగడానికి ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్, ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్ 1915 ప్రాంతంలో సుమారు అర శాతం గాఢత గల ద్రావణాన్ని వాడారు. దంత వైద్యంలోకి అది ఆ తర్వాతే వచ్చింది. ఇప్పుడు అర శాతం నుంచి 6 శాతం దాకా రకరకాల గాఢతల్లో వాడుతున్నారు.

మూడో పని, స్మియర్ పొర తీయడం, దానివల్ల కాదు. దానికి 17 శాతం ఈడీటీఏ కావాలి. కాల్షియాన్ని పట్టుకుని లాగే ఈ పదార్థాన్ని 1957లో నార్వేకు చెందిన నైగార్డ్ ఓస్ట్‌బీ దంత వైద్యానికి పరిచయం చేశాడు. ఇంకోటి క్లోర్‌హెక్సిడిన్, మామూలుగా 2 శాతం. సూక్ష్మజీవులను బాగా చంపుతుంది, డెంటిన్‌కు అంటుకుని కొంతకాలం పనిచేస్తూ ఉంటుంది, కానీ గుజ్జును కొంచెం కూడా కరిగించలేదు. ఇది కూడా 'కెమికలే'. అయినా హైపోక్లోరైట్ స్థానంలో దాన్ని కూర్చోబెట్టలేకపోయారు. ద్రావణాలను రసాయనాలు, మూలికలు అని రెండు కుప్పలుగా వేసుకుంటే ఈ తేడా కనపడకుండా పోతుంది.

ఇక భయం. హైపోక్లోరైట్‌ను వేరు చివర దాటి ఒత్తిడితో ఎక్కిస్తే జరిగేది చిన్న ప్రమాదం కాదు. భరించలేని నొప్పి, నిమిషాల్లో ముఖం వాపు, చర్మం కింద రక్తం చిమ్మి నీలంగా కమిలిపోవడం. చాలామందికి కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది, అరుదుగా నరానికి దెబ్బ మిగిలిపోవచ్చు. కంట్లో పడితే కన్నుకు, బట్టలపై పడితే బట్టకు చేటు. రుచి, వాసన సరే సరి. మూలికల వైపు పరిశోధకులు చూడటానికి కారణం సంప్రదాయం మీద మోజు ఒక్కటే కాదు. ఈ ప్రమాదాలు నిజమైనవి కాబట్టే చూశారు. వాళ్లను మూఢ విశ్వాసులని తీసిపారేయడం అన్యాయం.

త్రిఫలకు వచ్చిన మార్కులు

ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే భారతీయ అధ్యయనం 2010లో 'జర్నల్ ఆఫ్ ఎండోడాంటిక్స్'లో వచ్చింది. తీసేసిన మనిషి పళ్ల మీద ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియాను బయోఫిల్మ్‌గా, అంటే జిగట పొరలా పెంచారు. ఒక జట్టు పళ్ల మీద పొర వయసు మూడు వారాలు, మరో జట్టు మీద ఆరు వారాలు. వాటిని త్రిఫల, గ్రీన్ టీ పాలీఫినాల్స్, ఎంటీఏడీ అనే మందు మిశ్రమం, 5 శాతం హైపోక్లోరైట్, ఉత్త ఉప్పునీటితో విడివిడిగా కడిగి చూశారు. మూడు వారాల పొర దగ్గర త్రిఫల, ఎంటీఏడీ, హైపోక్లోరైట్ మూడూ బాక్టీరియా పెరుగుదలను పూర్తిగా ఆపేశాయి. గ్రీన్ టీతో సంఖ్య బాగా తగ్గింది కానీ సున్నా కాలేదు. ఆరు వారాల పొర దగ్గర హైపోక్లోరైట్ ఒక్కటే సున్నాకు తెచ్చింది. త్రిఫలతో కడిగిన పళ్ల మీద బాక్టీరియా మళ్లీ పెరిగింది.

వీడియోలు చెప్పేది మూడు వారాల ఫలితం. ఆరు వారాల ఫలితం అదే వ్యాసంలో ఉంది.

దీనికి ఇంకో కోణం ఉంది. రూట్ కెనాల్‌కు వచ్చే పంటిలో బాక్టీరియా మూడు వారాల కిందట కాపురం పెట్టి ఉండదు. నొప్పి మాత్రతో నెట్టుకొచ్చి, పండగ అయ్యాక చూద్దామనుకుని, జీతం వచ్చాక చూద్దామనుకుని, నెలలు గడిచాకే మనవాళ్లు కుర్చీ ఎక్కుతారు. ఇక్కడి పేషెంటుకు సంబంధించినది ముదిరిన పొర మీద ఫలితమే.

అదే వ్యాసంలో ఆసక్తికరమైన చిన్న వివరం ఉంది. త్రిఫలను నేరుగా నీళ్లలో కలిపి వాడలేదు. డీఎంఎస్ఓ అనే కర్బన ద్రావకాన్ని పది శాతం గాఢతలో తీసుకుని అందులో కరిగించారు. మూలికల అధ్యయనాల్లో ఇది మామూలే. ఎథనాల్, డీఎంఎస్ఓ లేకుండా చాలా సారాలు సరిగ్గా కరగవు. ప్రయోగశాలలో పనిచేసింది బజారులో చూర్ణం డబ్బా కాదు. కొలిచి, వడకట్టి, ద్రావకంలో కరిగించిన సారం. దాన్ని 'సహజం' అనాలా 'రసాయనం' అనాలా అన్నది భాషా పండితులు తేల్చుకోవాల్సిన విషయం.

కొలతలో ఉన్న తిరకాసు

త్రిఫల అధ్యయనం పళ్ల మీద చేశారు కాబట్టి దానికి కొంత విలువ ఉంది. దేశంలోని దంత కళాశాలల్లో మూలికల మీద వచ్చే పనుల్లో చాలావరకు అంతకంటే తేలికైన పరీక్షతో సరిపెడతాయి. అగార్ అనే జిగురు పళ్లెంలో బాక్టీరియాను పరిచి, చిన్న గుంటలో ద్రావణం పోసి, చుట్టూ ఎంత మేర బాక్టీరియా పెరగలేదో స్కేలుతో కొలవడం. వేప, తులసి, పసుపు, నోని, కలబంద, జామాకు... వరుసగా వేసి కొలిచి పట్టిక గీస్తారు. చవక, త్వరగా అయిపోతుంది, స్నాతకోత్తర థీసిస్ గడువుకు సరిపోతుంది.

ఈ వలయం వెడల్పు చెప్పేది ద్రావణం బాక్టీరియాను ఎంత బాగా చంపుతుందన్నది మాత్రమే కాదు. అది జిగురులో ఎంత దూరం పాకగలదన్నది కూడా. చిన్న అణువు దూరం పోతుంది, పెద్ద టానిన్ అణువు దగ్గరే ఆగిపోతుంది. హైపోక్లోరైట్ అయితే జిగురులో ఉన్న సేంద్రియ పదార్థంతోనే చర్య జరిపి శక్తి కోల్పోతుంది. కాబట్టి ఈ పరీక్షలో మూలిక గెలిచినా ఓడినా పంటి వేరు గురించి తెలిసేది చాలా తక్కువ. పైగా పళ్లెంలో గుజ్జు ముక్క లేదు, వంకర కాలువ లేదు, రక్తం లేదు. ద్రావణం చేయాల్సిన మూడు పనుల్లో ఒకదాన్నే, అదీ సగమే పరీక్షించారు.

బాక్టీరియా ఎంపిక కూడా అలాంటిదే. ఎంటరోకాకస్ ఫీకాలిస్ పేగుల్లో ఉండే మొండి జీవి. విఫలమైన రూట్ కెనాల్ పళ్లలో తరచూ దొరికింది, ప్రయోగశాలలో సులువుగా పెరుగుతుంది. అందుకే అందరికీ అదే. కానీ నిజమైన పంటిలో ఉండేది పదుల జాతుల కలగూరగంప. ఒక్క జాతిని పెంచి దాన్ని చంపి చూపించడం, ఒక్క దొంగను పట్టుకుని ఊరంతా క్షేమమని చాటింపు వేయడం లాంటిది.

రెండు కుప్పలు నిజంగా ఉన్నాయా?

దంత వైద్యుడి బల్ల మీద మూలికలు ఇప్పటికే ఉన్నాయి. ఎవరూ వాటిని ఆ పేరుతో పిలవరు, అంతే. కడగడం అయిపోయాక వేరు కాలువను నింపేది గట్టాపెర్చాతో. అది ఆగ్నేయాసియా అడవుల్లోని ఒక చెట్టు పాలు గడ్డకట్టిస్తే వచ్చిన పదార్థం. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు తొడుగుగా వాడింది కూడా దీన్నే. పంటి మీద తాత్కాలికంగా వేసే జింక్ ఆక్సైడ్ యూజినాల్ సిమెంటులోని యూజినాల్ లవంగ నూనె సారం. కుర్చీలో కూర్చోగానే ముక్కుకు తగిలే ఆ వాసన అదే. అమ్మమ్మ లవంగం పెట్టుకోమన్నది ఊరికే కాదు. అలాగని లవంగం నరాన్ని కొంతసేపు మొద్దుబారుస్తుందే తప్ప వేరు లోపలి బాక్టీరియాను తరిమేయదు.

త్రిఫలతో పాటు పరీక్షకు నిలిచిన ఎంటీఏడీ సంగతి చూడండి. అందులో డాక్సీసైక్లిన్ ఉంది. అది టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని కనుక్కుని 1948లో ప్రకటించినప్పుడు, ఆ పరిశోధనా విభాగాన్ని నడిపిస్తున్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టిలోంచి వచ్చిన ఈ మందును మూలిక అనాలా, రసాయనం అనాలా? ఆయన అలాంటి ప్రశ్న వేసుకుని ఉంటే పని ముందుకు సాగేది కాదు. ఏది పనిచేస్తుంది, ఎంత మోతాదులో, ఎంత హానితో అన్నవే ఆ ప్రయోగశాలలో అడగాల్సిన ప్రశ్నలు.

'సహజమైనది హాని చేయదు' అన్న మాట ఖరగ్‌పూర్ చుట్టుపక్కల నమ్మడం మరీ కష్టం. బెంగాల్, ఒడిశా సరిహద్దు ఊళ్లలో పళ్లు తోముకోవడానికి వాడే గుడాకు అంటే పొగాకు, బెల్లం పాకం కలిపిన ముద్ద. రెండూ పొలంలో పండినవే. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. గుడాకు అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నదానితో చిగుళ్లకు నిమిత్తం లేదు.

త్రిఫల చూర్ణాన్ని గుడాకుతో ఒకే గాటన కట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల్లోని టానిన్లు, గాలిక్ ఆమ్లం నిజంగానే బాక్టీరియాను అడ్డుకుంటాయి. పుక్కిలించి ఉమ్మేయడానికి త్రిఫల కషాయం వాడితే పెద్దగా అభ్యంతరం ఉండదు. కానీ నోరు పుక్కిలించడం వేరు, వేరు కాలువను కడగడం వేరు. పుక్కిలించినది చిగురు మీద, నాలుక మీద తిరిగి బయటికి వస్తుంది. వేరు కాలువలో పోసినది ఎముకకు ఒక సన్నటి కన్నం దూరంలో ఉంటుంది. బజారులో కొన్న చూర్ణం శుద్ధి చేసిన సూది మందు కాదు. అందులో మట్టి నుంచి వచ్చిన సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు. కాయ ఏ కొండమీదిది, ఏ ఋతువులో కోసింది, ఎలా ఎండబెట్టారు అన్నదాన్ని బట్టి టానిన్ల శాతం మారిపోతుంది. రెండు బ్యాచ్‌లు ఒకేలా ఉండని ద్రావణంతో వచ్చిన ఫలితాన్ని ఇంకో ఊళ్లో ఎవరు తిరిగి సాధించగలరు?

రసాయనం వైపు లెక్క కూడా తేలలేదు

మూలికలను ఇంత నిలదీసి రసాయనాన్ని వదిలేస్తే అది పక్షపాతమవుతుంది. హైపోక్లోరైట్ ఉప్పునీటి కంటే మెరుగని స్వీడన్‌లో బైస్ట్రోమ్, సుంద్‌క్విస్ట్ 1983లోనే మనుషుల పళ్లలో చూపించారు. అర శాతం గాఢతతోనే ఎక్కువ కాలువలు బాక్టీరియా లేకుండా తేలాయి. కానీ కాలువలో బాక్టీరియా లేకపోవడం వేరు, ఏడాది తర్వాత ఎముక మానడం వేరు. రెండో దాని మీద మంచి అధ్యయనాలు ఆశ్చర్యకరంగా తక్కువ. 2012లో కోక్రేన్ సమీక్ష ఉన్న క్లినికల్ ప్రయోగాలన్నీ వడబోసి, ఏ ద్రావణం మిగతావాటి కంటే మేలని చెప్పడానికి నమ్మదగిన ఆధారం చాలదని తేల్చింది. రోహ్‌తక్‌లో కింది దవడ పళ్ల మీద జరిగి 2019లో ప్రచురితమైన ప్రయోగంలో 1 శాతం, 5 శాతం హైపోక్లోరైట్‌లను పోల్చారు. వేరు చివరి పుండు మానడంలో రెండింటి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఆ రోహ్‌తక్ ఫలితం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. తక్కువ గాఢతతో అంతే మేలు జరిగేటట్టయితే, బలమైన ద్రావణం వల్ల వచ్చే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం ఎందుకు? రసాయనం హాని తగ్గించడానికి మూలిక కోసం వెతికే ముందు, రసాయనాన్నే పలుచన చేసి చూడటం దగ్గరి దారి. అందులో గొప్ప కథ లేదు. వార్తకు శీర్షిక దొరకదు. బహుశా అందుకే ఎవరూ చెప్పరు.

రెండు వర్గాలనూ ఒకే గిన్నెలో కలపడం కూడా పరిష్కారం కాదు. హైపోక్లోరైట్ ఆక్సీకరణంతో పనిచేస్తుంది. త్రిఫల, గ్రీన్ టీ యాంటీఆక్సిడెంట్లు. వాటి గొప్పతనమే ఆక్సీకరణాన్ని అడ్డుకోవడం. రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి ఖర్చు చేసేసుకుంటాయి. హైపోక్లోరైట్, క్లోర్‌హెక్సిడిన్ కలిస్తే గోధుమ రంగు మడ్డి దిగి గొట్టాల నోళ్లు మూసుకుపోతాయన్నది దంత విద్యార్థులకు మొదట్లోనే చెప్పే హెచ్చరిక. 'రెండిటి మంచీ ఒకేసారి' అన్న ఆలోచన పంటి లోపల పనిచేయదు.

అయితే ఇదే గుణంలో మూలికలకు ఒక నిజమైన చోటు కనిపిస్తోంది. హైపోక్లోరైట్‌తో కడిగిన డెంటిన్ మీద ఆక్సిజన్ ప్రభావం మిగిలిపోయి, ఆ తర్వాత వేసే రెసిన్ సిమెంటు సరిగ్గా అంటుకోదు. విటమిన్ సి లవణంతోనో, ద్రాక్ష గింజల సారంతోనో చివరగా కడిగితే ఆ పట్టు తిరిగి వస్తుందని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. అంటే మొక్కల సారం హైపోక్లోరైట్‌కు ప్రత్యామ్నాయంగా కాక, దాని పని అయ్యాక దాని జాడ చెరిపేదిగా ఉపయోగపడవచ్చు. రెండో చోటు పాలపళ్లు. వాటి వేళ్ల కిందే శాశ్వత దంతం మొగ్గ ఉంటుంది. వేరు కరిగిపోతూ చివర తెరుచుకుని ఉంటుంది. అక్కడ మెతక ద్రావణం కోసం వెతకడానికి గట్టి కారణముంది. మూలికల మీద పెట్టే శ్రమ ఈ రెండు చోట్ల పెడితే జనానికి నిజంగా ఉపయోగపడే జవాబు రావచ్చు. పెద్దవాళ్ల దవడ పంట్లో బ్లీచింగ్‌ను ఓడించాలన్న పందెం కంటే ఇది చిన్న లక్ష్యమే. గెలిచే అవకాశం మాత్రం దీనికే ఎక్కువ.

ఆ ప్రయోగం ఎలా ఉండాలో కష్టమైన విషయమేమీ కాదు. సారంలో గాలిక్ ఆమ్లం ఎంతుందో కొలిచి ప్రతి బ్యాచ్‌లోనూ అంతే ఉండేలా చూడాలి. శుద్ధి చేయాలి. ఎవరికి ఏ ద్రావణం అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించాలి. ఎక్స్‌రే చదివేవాళ్లకు ఆ సంగతి తెలియకూడదు. కనీసం ఏడాది ఆగి ఎముక మానిందో లేదో చూడాలి. మొదలుపెట్టే ముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. అప్పుడు ఓడిన ఫలితాన్ని బల్ల సొరుగులో దాచడం కష్టమవుతుంది. ఒక్క విద్యార్థి థీసిస్‌లో ఇది అయ్యే పని కాదు. నాలుగైదు కళాశాలలు కలిస్తే అవుతుంది. పళ్లెంలో వలయాలు కొలిచే థీసిస్‌లు వందొచ్చినా అలాంటి ప్రయోగం ఒక్కదానికి సాటి రావు.

కుర్చీలో కూర్చున్న మనిషి సంగతి

రూట్ కెనాల్ సగం కుదిరి విఫలమైతే మళ్లీ చేయించుకోవాలి. లేదా పన్ను తీయించుకోవాలి. నెల జీతం మీద బతికే ఇంటికి ఏది జరిగినా చిన్న నష్టం కాదు. అందుకే 'హెర్బల్ రూట్ కెనాల్' అనే మాటకు ఆశపడేముందు పేషెంటు గమనించదగ్గవి వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది రబ్బర్ డ్యామ్. పన్ను మాత్రం బయటికి కనపడేలా నోటిని కప్పే పలుచని రబ్బరు తెర. ద్రావణం గొంతులోకి పోకుండా, ఉమ్ములోని బాక్టీరియా వేరులోకి రాకుండా అది ఆపుతుంది. మన దేశంలో చాలా క్లినిక్‌లలో దాన్ని ఇప్పటికీ వాడటం లేదు. అది లేనిచోట బ్లీచింగ్ మంచిదా త్రిఫల మంచిదా అని చర్చించడం, కప్పు లేని ఇంట్లో గోడకు ఏ రంగు వేయాలని గొడవపడటమే. రెండోది సూది. పక్కన కన్నమున్న సన్నటి సూదిని కాలువలో బిగుసుకోకుండా, వేరు చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపి, మెల్లగా నొక్కితే హైపోక్లోరైట్ ఎముకలోకి చిమ్మే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ప్రమాదాలకు ఎక్కువసార్లు కారణం సీసాలో ఉన్నది కాదు, బొటనవేలు తొందర.

సీసా గురించి కూడా ఒక మాట. హైపోక్లోరైట్ వేడికి, వెలుతురుకు, గాలికి విరిగిపోతుంది. ఖరగ్‌పూర్ ఏప్రిల్, మే ఎండల్లో కిటికీ పక్కన మూత వదులుగా పెట్టిన సీసా మీద 5 శాతం అని రాసి ఉన్నా లోపల అంత ఉంటుందన్న హామీ లేదు. ముదురు రంగు సీసాలో, చల్లటి చోట, తెరిచిన తేదీ రాసుకుని వాడేవాళ్లూ ఉన్నారు, వాడనివాళ్లూ ఉన్నారు. 'డాక్టర్ గారూ, ఆ సీసా ఎప్పుడు తెరిచారండీ?' అని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. హిందీలో అడిగినా బెంగాలీలో అడిగినా జవాబు ఒక తేదీయే.